లైనుకి ముప్పావలా, చెవికి సున్నా

పోయిన వారం గచ్చిబౌలిలో మా ఆఫీసు క్యాంటీన్‌లో భోజనాల దగ్గర ఒక కుర్రాడు తెగ ఉత్సాహంగా చెప్తున్నాడు. డాక్టరూ పేషెంటూ మాట్లాడుకుంటుంటే ఫోన్ పక్కన పెడితే చాలట, కేసు నోట్సు దానంతటదే తయారైపోతుందట. "ఇదివరకు దీనికి మెడికల్ ట్రాన్స్‌క్రిప్షనిస్టులని ఉండేవాళ్ళట సార్. ఒక రకం టైపిస్టులు. స్కిల్స్ పెంచుకోలేదు, పోయారు" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్న ఆరుగురూ తల ఊపారు. నేనూ పెరుగన్నం కలుపుకుంటూ నవ్వి ఊరుకున్నాను.

ఇంటికొచ్చాక ఆ నవ్వు గొంతులో అడ్డం పడింది. ఎందుకంటే ఆ "ఒక రకం టైపిస్టుల్లో" నేనూ ఒకణ్ణి. 2001 నుంచి రెండున్నరేళ్ళపాటు ఖైరతాబాద్‌లో ఒక మేడమీద చెవులకి హెడ్‌ఫోన్సు, కాలి కింద ఫుట్‌పెడల్ పెట్టుకుని అమెరికా డాక్టర్ల గొణుగుడు రాసుకుంటూ బతికాను. ఈ సంగతి నా రెజ్యూమెలో ఉండదు. సాఫ్ట్‌వేర్‌లోకొచ్చిన మొదటి రోజునే తీసేశాను. ఆ పని ఏమిటో, దాన్ని ఎవరు ఎలా చంపారో ఇప్పుడు చెప్తాను. ఎందుకంటే ఆ కత్తి ఇప్పుడు మన మెడల దగ్గరికొచ్చింది, మనమేమో దాని పదును చూసి మురిసిపోతున్నాం.

ముందు ఆ రోజుల గురించి. బైపీసీ చదివి, ఎంసెట్‌లో మెడిసిన్ సీటు రాక, బీయస్సీ బీజడ్‌సీ పూర్తిచేసి ఏం చెయ్యాలో తెలియక తిరిగే జాతి ఒకటుండేది. ఎంపీసీ వాళ్ళు అమీర్‌పేట వెళ్ళి జావా నేర్చుకుంటే, మా జాతికి పేపర్లలో "లైఫ్ సైన్సెస్ గ్రాడ్యుయేట్లకి సువర్ణావకాశం" అని ప్రకటనలొచ్చేవి. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో మొదలైంది కదా, ఊరంతా ఆ గాలే. పేరులో "మెడికల్" ఉండటంతో మా నాన్న కూడా మెత్తబడ్డాడు. డాక్టర్ కాకపోయినా డాక్టర్ల పక్క పనేగా అనుకున్నాడు పాపం. 20,000 రూపాయలు అప్పుచేసి కట్టాడు. ఏమాటకామాట చెప్పుకోవాలి, అప్పట్లో వెలిసిన ఇన్‌స్టిట్యూట్లలో మోసాలూ తక్కువేమీ కాదు. ఉద్యోగం గ్యారంటీ అని ఫీజులు గుంజి బోర్డు తిప్పేసినవి ఉన్నాయి. నాది ఆ బాపతు కాదు, నిజంగానే నేర్పారు. అనాటమీ, మందుల పేర్లు, ల్యాబ్ విలువలు, అమెరికన్ యాస. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట చిరిగిన స్టెడ్‌మన్స్ మెడికల్ డిక్షనరీ బేరమాడి కొనుక్కున్నాను. అది ఇప్పటికీ నా దగ్గరుంది.

పని ఇలా ఉండేది. అమెరికాలో డాక్టరు సాయంత్రం క్లినిక్ ముగించి, ఆ రోజు చూసిన పేషెంట్ల వివరాలు ఫోన్‌లో చెప్పేస్తాడు. అప్పటికి మనకి తెల్లవారుజాము. ఆడియో ఫైళ్ళు నెట్లో ఖైరతాబాద్ చేరతాయి. 24 గంటల్లోపు, అర్జెంటువైతే రెండు మూడు గంటల్లోనే, తప్పుల్లేకుండా రిపోర్టు వెళ్ళిపోవాలి. కాలితో పెడల్ నొక్కితే ఆడియో నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, వెనక్కి నొక్కితే మళ్ళీ మొదటికి. ఆ డాక్టర్లు చెప్పే తీరు వినాలి మీరు. ఒకాయన చిప్స్ తింటూ చెప్తాడు. ఒకాయన కారు నడుపుతూ చెప్తాడు. ఒకావిడ వాక్యం మధ్యలో ఆవలిస్తుంది. కొరియా యాస, స్పానిష్ యాస, మన గుంటూరు డాక్టరుగారి అమెరికా యాస, అన్నీ ఉంటాయి.

ఇప్పుడు "టైపింగే కదా" అన్నవాళ్ళు కాస్త చెవి ఇటు పారెయ్యండి. ఇలియమ్ అనే మాట రెండున్నాయి. ఒకటి చిన్నపేగు చివరి భాగం, ఇంకోటి తుంటి ఎముక. స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా, చెవికి రెండూ ఒకటే. చెప్తున్నది పేగు గురించో ఎముక గురించో అర్థమైనవాడే సరిగ్గా రాయగలడు. సెలెబ్రెక్స్ కీళ్ళనొప్పులకి, సెలెక్సా డిప్రెషన్‌కి, సెరెబిక్స్ ఫిట్స్‌కి. ఈ మూడింటినీ నోట్లో చిప్స్ పెట్టుకుని పలికి చూడండి. "హైపో"కీ "హైపర్"కీ, ఫిఫ్టీన్‌కీ ఫిఫ్టీకీ మధ్య ఒక మనిషి ప్రాణం ఉంటుంది. చేతివేళ్ళు చేసే పని అందులో పదోవంతు కూడా కాదు. మిగతాదంతా చెవి, దాని వెనకాల బుర్ర.

అన్నిటికంటే ముఖ్యమైన పాఠం ఇంకోటుంది. మా టీమ్‌లో ఒక అక్క ఉండేది, నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. నేను చేరిన మొదటి వారంలో ఒక మందు పేరు సరిగ్గా వినపడక, దగ్గరగా ఉన్నదేదో ఊహించి రాసేశాను. అక్క చూసి నెమ్మదిగా అంది, "వినపడకపోతే ఖాళీ వదిలెయ్ తమ్ముడూ. ఖాళీ చూస్తే డాక్టరు నింపుకుంటాడు. తప్పు రాస్తే దాన్ని నిజమనుకుంటాడు." మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ మొత్తానికి ఇదే మూలసూత్రం. తెలియనప్పుడు తెలియదని చెప్పడం. ఖాళీ వదిలి, ఆడియోలో ఎన్నో నిమిషంలో వచ్చిందో పక్కన రాసి పంపడం.

మరి ఈ చెవికీ, ఈ బుర్రకీ, ఈ ఖాళీకీ జీతమెంత? సున్నా. అక్షరాలా సున్నా.

జీతం లైనుకి. లైనంటే మీరనుకునే లైను కాదు, ఖాళీ స్థలాలతో కలిపి 65 అక్షరాలు. అమెరికాలో పుట్టిన లెక్క అది. నాకు లైనుకి ముప్పావలా. రోజుకి 400 లైన్లు, నెలకి 25 రోజులు, వెరసి 7,500. శుభ్రంగా చెప్పే డాక్టరు ఫైలయితే గంటకి వంద లైన్లు పరిగెత్తేవి. చిప్స్ డాక్టరు ఫైలయితే గంటకి ముప్పై. కష్టమైన ఫైలుకి ఎక్కువ చెవి కావాలి, తక్కువ డబ్బులొస్తాయి. ఫైళ్ళు రాని రోజు ఖాళీగా కూర్చుంటే ఏమీ రాదు. ఒక్క క్రిటికల్ ఎర్రర్ దొరికితే ఆ ఫైలు మొత్తానికి నామం. అసలు గమ్మత్తు ఇక్కడుంది చూడండి: ఫైల్లో మూడు ఖాళీలు దాటితే సగం రేటే ఇచ్చేవాళ్ళు. అంటే నిజాయితీగా "వినపడలేదు" అన్నందుకు జరిమానా, ఊహించి రాసి దొరక్కపోతే పూర్తి జీతం!

ఖైరతాబాద్ వినాయకుడు మీకందరికీ తెలుసు. 1954 నుంచి పెడుతున్నారు, ఊరంతా చూడటానికొస్తుంది. నేనూ చిన్నప్పుడు నాన్న భుజాలెక్కి చూసినవాణ్ణే. కానీ నవరాత్రులు మా ఫ్లోర్‌లో ఎలా గడిచేవో ఎవరికీ తెలియదు. కిటికీలు మూసినా, మైకుల్లో భక్తి పాటలూ, తప్పిపోయిన పిల్లల అనౌన్స్‌మెంట్లూ అద్దాల్లోంచి వచ్చేవి. ఇటు హెడ్‌ఫోన్‌లో ఓహాయోలో ఎవరికో గుండె కొట్టుకోవడం ఎలా ఉందో డాక్టరు గొణుగుతుంటాడు. మామూలు రోజున రెండుసార్లు వినేది ఆ రోజుల్లో ఐదుసార్లు వినాలి. ఖాళీలు పెరిగేవి, లైన్లు తగ్గేవి, నెలాఖరుకి జీతంలో వెయ్యి, పదిహేను వందలు కోత పడేది. నేను సూపర్‌వైజర్‌ని అడిగితే, "క్లయింటుకి వినాయకచవితి ఉండదు కదా" అన్నాడు. నిజమే, ఉండదు. క్లయింటు నష్టపోలేదు, కంపెనీ నష్టపోలేదు. ఆ గోల ఖరీదు కట్టింది మేమే. లైను లెక్క అసలు ప్రయోజనం అదే. డాక్టరు గొణుగుడూ, లైను స్పీడూ, పని రాకపోవడమూ, మైకుల గోలా అన్నీ దొర్లుకుంటూ వచ్చి చిట్టచివరి కుర్చీలో కూర్చున్నవాడి నెత్తిన పడతాయి.

చిట్టచివరి కుర్చీ అంటే గుర్తొచ్చింది. 2003 అక్టోబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ఆస్పత్రికి పాకిస్తాన్ నుంచి ఒక మెయిలొచ్చింది. నాకు రావలసిన డబ్బులిప్పించకపోతే మీ పేషెంట్ల రికార్డులు నెట్లో పెడతానని ఒక ట్రాన్స్‌క్రిప్షనిస్టు బెదిరింపు. తీగ లాగితే డొంక కదిలింది. ఆస్పత్రి ఒక కంపెనీకిచ్చింది, ఆ కంపెనీ ఫ్లోరిడాలో ఇంకొకరికి, వాళ్ళు టెక్సాస్‌లో మరొకరికి, చివరికి ఆ పని కరాచీలో తేలింది. ఆస్పత్రికి ఈ మెట్లేవీ తెలియవు. బెదిరించడం తప్పే, వెనకేసుకు రావడం లేదు. అమెరికాలో దాని మీద పెద్ద రగడ జరిగింది, విదేశాలకి రికార్డులు పంపొచ్చా, 1996లో వచ్చిన హిపా చట్టం సరిపోతుందా అని. మా ఫ్లోర్‌లో కూడా మర్నాటి నుంచి సెల్‌ఫోన్లు, పెన్నులు, కాగితాలు లోపలికి తేవద్దన్నారు. అందరూ రికార్డుల భద్రత గురించి మాట్లాడారు. నాలుగు చేతులు మారి వచ్చిన పనికి చివరి చేతికి ఎంత మిగులుతుంది, అసలు మిగులుతుందా అని అడిగినవాళ్ళు నాకు కనబడలేదు.

2004లో నేను అమీర్‌పేట జావా దారి పట్టి బయటపడ్డాను. అక్క అక్కడే ఉండిపోయింది.

ఇక యంత్రం సంగతి. డ్రాగన్ నేచురల్లీ స్పీకింగ్ 1997లోనే వచ్చింది. మేం దాని మీద జోకులేసుకునేవాళ్ళం. 2000ల మధ్యకొచ్చేసరికి జోకులు ఆగిపోయాయి. డాక్టరు చెప్పింది ముందు యంత్రం వింటుంది, ఒక డ్రాఫ్టు తయారుచేస్తుంది. మనిషి ఆడియో వింటూ ఆ డ్రాఫ్టు దిద్దుతాడు. దిద్దిన ప్రతి తప్పూ వెనక్కెళ్ళి యంత్రానికి పాఠమవుతుంది. ట్రాన్స్‌క్రిప్షనిస్టు పేరు ఎడిటర్‌గా మారింది, రేటు చాలాచోట్ల సగానికి పడింది. వాదన ఏమిటంటే, "టైపింగ్ యంత్రమే చేసేస్తోంది కదా, మీకు సగం పని తగ్గింది."

ఆగి ఆలోచించండి. తగ్గింది వేళ్ళ పని. చెవి పని తగ్గలేదు, పెరిగింది. ఎందుకంటే మనిషి టైపు చేస్తే తప్పు తప్పులా కనిపిస్తుంది, యంత్రం తప్పు అందమైన వాక్యంలా కనిపిస్తుంది. కళ్ళు దాని మీదుగా జారిపోతాయి. కానీ ఇరవై ఏళ్ళుగా జీతం వేళ్ళకే కట్టారు కాబట్టి, వేళ్ళ పని పోగానే జీతమూ పోయింది. చెవికి ఎప్పుడూ ధర లేదు కాబట్టి అడగడానికి లెక్కా లేదు.

ఇక్కడ నా నేరం ఒప్పుకోవాలి. 2011లో మాదాపూర్‌లో ఒక హెల్త్‌కేర్ ప్రాజెక్టులో ఉన్నాను. మేనేజరొచ్చి, యంత్రం డ్రాఫ్టుకీ ఎడిటర్ పంపిన ఫైనల్‌కీ మధ్య ఎన్ని అక్షరాలు మారాయో శాతంలో చూపించే రిపోర్టు కావాలన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం మొదలుపెట్టి సాయంత్రం బస్సు టైముకి పూర్తిచేశాను. చాలా ఫైళ్ళలో నాలుగైదు శాతమే మారుతోందని తేలింది. శభాష్ అన్నారు. రెండు నెలల తర్వాత ఆ రిపోర్టు ముందు పెట్టుకునే ఎడిటర్ల రేటు ఇంకోసారి కోశారని తెలిసింది. నాలుగు శాతం మార్చినవాడికి అంత రేటెందుకు అని. నేను రెండున్నరేళ్ళు ఆ పెడల్ తొక్కినవాణ్ణి. అయినా ఆ కోడ్ రాస్తున్నప్పుడు ఒక్కసారి కూడా, "ఎన్ని నిమిషాల ఆడియో విన్నారు?" అనే కాలమ్ పెట్టాలని తట్టలేదు.

ఆ తర్వాత ఒక పెళ్ళిలో అక్క కలిసింది. ఇంటి నుంచే ఎడిటింగ్ చేస్తోందట, వేరే కంపెనీకి. అక్కడా ఇదే శాతం, ఇదే కోత. నేను చేసింది చెప్పాను, దాచలేదు. కోప్పడుతుందనుకున్నాను. అక్క ఒక్కటే అడిగింది, "మార్చకుండా వదిలేసిన మాట కూడా విన్నాకే కదా తమ్ముడూ వదిలేసేది?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

"మనుషులు మాత్రం తప్పులు చెయ్యలేదా?" అంటారు. చేశారు. 2008లో అలబామాలో ఒక పేషెంటు డిశ్చార్జి సమ్మరీలో 8 యూనిట్లు ఉండాల్సిన ఇన్సులిన్ 80 యూనిట్లయింది. ఆవిడ చనిపోయింది. ఆ ట్రాన్స్‌క్రిప్షన్ పని చేతులు మారి మన దేశానికొచ్చింది. 2012లో జ్యూరీ 140 మిలియన్ డాలర్ల పరిహారం విధించింది. నేను దీన్ని దాచను. మా జాతి చేతుల్లోంచి వెళ్ళిన తప్పే అది. కానీ ఆ కాగితాన్ని డాక్టరు చదివి సంతకం చెయ్యకుండానే అది ముందుకెళ్ళిపోయిందన్న సంగతీ గుర్తుంచుకోండి. నేను మనుషులు గొప్పవాళ్ళు, యంత్రం చెడ్డది అనడం లేదు. వినడానికి డబ్బు పెట్టనిచోట మనిషైనా యంత్రమైనా ప్రాణాలు తీస్తుంది అంటున్నాను.

"ఇప్పటి ఏఐ అప్పటి డ్రాగన్ కాదు" అంటారు. ఒప్పుకుంటాను. మైక్రోసాఫ్టు దాదాపు 20 బిలియన్ డాలర్లు పోసి న్యూయాన్స్‌ని 2022లో ఊరికే కొనలేదు. కానీ 2024లో విస్పర్ అనే స్పీచ్ మోడల్ మీద పరిశోధకులు ఒక పేపర్ ప్రచురించారు. వాళ్ళు పరీక్షించిన ఆడియో ముక్కల్లో సుమారు 1 శాతంలో, ఎవరూ అనని మాటలు, కొన్నిసార్లు మొత్తం వాక్యాలే, యంత్రం సొంతంగా కల్పించి రాసింది. ముఖ్యంగా మనిషి మాట మధ్యలో మౌనం ఎక్కువున్నచోట. అర్థమైందా? ఖాళీ ఉన్నచోట అది ఖాళీ వదల్లేదు, నింపేసింది. అక్క నాకు మొదటి వారంలో నేర్పిన పాఠం అది నేర్చుకోలేదు. నేర్పలేదు కూడా. ఖాళీకి జరిమానా వేసిన లోకంలో తయారైన యంత్రం మరెలా ఉంటుంది?

"మార్కెట్ ఇచ్చిన రేటుకి ఒప్పుకునే కదా చేరారు" అనేది మూడో వాదన. అవును, ఒప్పుకున్నాం. మెడిసిన్ సీటు రాని బీజడ్‌సీ వాడికి 2001లో ఇంకేం దారులున్నాయి? ఆ 7,500తోనే మా నాన్న అప్పు తీర్చాను, చెల్లి ఫీజు కట్టాను. ఆ పని నాకు అన్నం పెట్టింది, దాని మీద నాకు చులకన లేదు. నా గొడవల్లా, ఆ అన్నాన్ని ఏ గరిటెతో కొలిచారన్నదే.

ఇప్పుడు మన సంగతి. మన ఆఫీసుల్లో కూడా డాష్‌బోర్డులొచ్చాయి. కోడ్‌లో ఇంత శాతం ఏఐ రాసింది, మనిషి ఇంత శాతమే మార్చాడు అని రంగురంగుల గ్రాఫులు. "మీరు ఉత్త రివ్యూయే కదా చేసేది" అనే మాట మొన్న మా మీటింగులోనే విన్నాను. నాలుగొందల లైన్ల పుల్ రిక్వెస్టు మొత్తం చదివి, ఆలోచించి, అది ప్రొడక్షన్‌లో ఎక్కడ విరుగుతుందో ఊహించి, చివరికి రెండు లైన్లు మారుస్తాం. గ్రాఫులో మన పని రెండు లైన్లు. చదివి మార్చకుండా వదిలేసిన 398 ఎవరి లెక్కలోనూ లేవు. అక్క ప్రశ్న గుర్తొచ్చిందా? 2011లో నేను రాసిన రిపోర్టే ఇది, రంగులు మార్చుకుని నా టేబుల్ మీదికొచ్చింది.

కాబట్టి క్యాంటీన్‌లో ఆ కుర్రాడికి అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు చెప్తున్నాను. నాయనా, వాళ్ళు స్కిల్స్ పెంచుకోక పోలేదు. వాళ్ళకున్న స్కిల్‌కి లెక్కల్లో కాలమ్ లేక పోయారు. ఆ కాలమ్ పెట్టనివాళ్ళలో నేనూ ఉన్నాను. రేపు నిన్ను కూడా "ఒక రకం టైపిస్టు" అని ఎవరో భోజనాల దగ్గర అంటారు.

ఏం చెయ్యమంటావు మరి అంటారా? ట్రాన్స్‌క్రిప్టు దిద్దేవాళ్ళకి మార్చిన అక్షరాలకి కాదు, విన్న నిమిషాలకి డబ్బులివ్వాలి. ఖాళీ వదిలినందుకు కోత ఉండకూడదు. ఆడియో దాచాలి, దాన్ని వినే మనిషి పేరు రిపోర్టు మీద ఉండాలి. ఇక మన వరకూ, ఈసారి మేనేజరు శుక్రవారం మధ్యాహ్నం వచ్చి "ఎంత శాతం మార్చారో ఒక రిపోర్టు కావాలి" అంటే, "ఎంత చదివారో కూడా పెడదామా?" అని అడగండి. అంతే. అడిగినందుకు ఉద్యోగం పోదు. నేను అడగలేదు కాబట్టి ఎవరి రేటో పోయింది.

మొన్న మెట్రోలో వెళ్తూ ఖైరతాబాద్ స్టేషన్‌లో కావాలనే దిగాను. మా మేడ ఉన్నచోట ఇప్పుడేదో షోరూమ్ ఉంది. అక్కకి ఫోన్ చేశాను. ఎత్తలేదు, గంట తర్వాత తనే చేసింది. "హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను తమ్ముడూ, వినపళ్ళేదు" అంది. ఇప్పటికీ వింటోంది. లైనుకెంత ఇస్తున్నారో అడగడానికి నాకు నోరు రాలేదు.